ఎండకు, బండకు నిలిచే రోబో: సర్వోల వైరింగు, సెన్సర్ల పరీక్ష

కర్నూలు, కడప ప్రాంతంలో రోబో తయారుచేయాలనుకునే పిల్లలకు ఇప్పుడు విడిభాగాలకు పెద్దగా కొరత లేదు. ఇడుపులపాయలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఆర్కే వ్యాలీ ప్రాంగణం వచ్చింది. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలు అక్కడ నేరుగా ఇంజినీరింగు దారి పడుతున్నారు. కర్నూలు జగన్నాథగట్టు మీద 2015లో మంజూరైన ఐఐఐటీడీఎం ఉంది. డిజైను, తయారీ అన్న మాటలు దాని పేరులోనే ఉన్నాయి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల పుణ్యమా అని ఆరో తరగతి పిల్లల చేతికి కూడా ఆర్డుయినో బోర్డు, సర్వో మోటారు, సెన్సరు అందుతున్నాయి. అవసరమైన సామాను కర్నూలు వాళ్లు హైదరాబాదు కోఠీ నుంచో, కడప వాళ్లు చెన్నై రిచీ స్ట్రీటు నుంచో తెచ్చుకోవచ్చు, ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు.

కొరతంతా మరోచోట ఉంది. ప్రోగ్రాము రాయడం నేర్పే పాఠాలు బోలెడున్నాయి. తీగ ఎక్కడ కలపాలి, కలిపాక సరిగ్గా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్న పాఠానికి మాత్రం చోటు తక్కువ. అందుకే టేబుల్ మీద చక్కగా ఆడిన రోబో చేయి ప్రదర్శన రోజున వణుకుతుంది, గీత వెంట నడవాల్సిన బండి ఆరుబయట దారి తప్పుతుంది. తప్పు కోడ్‌లో ఉందనుకుని పిల్లలు రాత్రంతా కోడే వెతుకుతారు. ఇలాంటి సందర్భాల్లో అసలు తప్పు తరచుగా మూడు చోట్ల దొరుకుతుంది: కరెంటు సరఫరాలో, అతుకుల్లో, సెన్సరు పనిచేయాల్సిన చోట దాన్ని పరీక్షించకపోవడంలో. ఈ మూడింటి గురించి తెలిసిన పద్ధతులను బేరీజు వేసి, రాయలసీమ ఎండకూ పొడిగాలికీ నేలకూ వాటిలో ఏది నిలుస్తుందో చూడడమే ఈ వ్యాసం పని.

సర్వో ఏం అడుగుతుంది

దాదాపు ప్రతి కిట్‌లోనూ కనిపించే నీలం రంగు చిన్న సర్వో పేరు ఎస్‌జీ90. బరువు 9 గ్రాములు. 4.8 వోల్టుల దగ్గర దాని టార్కు 1.8 కేజీ-సెంటీమీటర్లు. అంటే ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో 180 గ్రాముల బరువు పెడితే అది కదలలేక నిలిచిపోతుంది. అది చివరి హద్దు. రోజూ పని చేయించాలంటే అందులో మూడో వంతు, అంటే 60 గ్రాములు దాటకుండా చూసుకోవడం క్షేమం. చేయి సొంత బరువునూ ఆ లెక్కలోనే కలపాలి. నాలుగు సర్వోల రోబో చేతిలో అన్నిటికంటే ముందు భుజం దగ్గరి సర్వో చేతులెత్తేయడానికి కారణం ఇదే: మిగతా కీళ్ల బరువంతా దాని మీదే పడుతుంది. అక్కడ లోహపు పళ్లచక్రాలున్న ఎంజీ996ఆర్ లాంటిది వాడాలి. దాని బరువు 55 గ్రాములు, 6 వోల్టుల దగ్గర టార్కు 11 కేజీ-సెంటీమీటర్లు.

సర్వోకు మూడు తీగలుంటాయి. ఎస్‌జీ90లో గోధుమరంగుది గ్రౌండ్, ఎర్రది ప్లస్, నారింజరంగుది సిగ్నల్. సిగ్నల్ తీగ మీద ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక పల్సు వస్తుంది. పల్సు నిడివి 1.5 మిల్లీసెకన్లయితే చేయి మధ్యలో నిలుస్తుంది, 1 మిల్లీసెకనుకు ఒక పక్కకు, 2 మిల్లీసెకన్లకు మరో పక్కకు తిరుగుతుంది. చేయి ఇప్పుడు ఎక్కడుందో లోపలి పొటెన్షియోమీటరు చెబుతుంది. ఉండాల్సిన చోటుకూ ఉన్న చోటుకూ తేడా ఉన్నంతసేపు సర్వో మోటారును తోస్తూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం సమస్యలు అర్థమవుతాయి. అడ్డం తగిలిన సర్వో ఊరికే ఆగిపోదు, గరిష్ఠ కరెంటు లాగుతూ వేడెక్కుతుంది.

ఆర్డుయినో సర్వో లైబ్రరీ మామూలుగా 544 నుంచి 2400 మైక్రోసెకన్ల వరకు పల్సు పంపుతుంది. చవక సర్వోలన్నీ అంత దూరం తిరగవు. ప్రోగ్రాములో 0 అని, 180 అని రాసేసరికి లోపలి ఆపుడు పిన్నుకు తగిలి గుయ్‌మంటాయి. కాబట్టి ప్రతి సర్వో అసలు హద్దులను పల్సు కొంచెం కొంచెంగా పెంచుతూ కనుక్కుని, దాని మీదే మార్కరుతో రాసిపెట్టాలి. ఊనో బోర్డు మీద ఈ లైబ్రరీ టైమర్ 1ని వాడుకుంటుంది, దాంతో 9, 10 పిన్నుల మీద మోటారు వేగం మార్చే పీడబ్ల్యూఎం పనిచేయదు. సర్వో కలపగానే బండి చక్రం ఆగిపోయిందని తలపట్టుకునే పిల్లలకు చాలాసార్లు జవాబు ఇక్కడే ఉంటుంది.

కరెంటు ఎక్కడి నుంచి తేవాలి

ఊనో బోర్డులో యూఎస్‌బీ దారికి 500 మిల్లీఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. బరువు లేని ఎస్‌జీ90 ఒకటి దాని మీద తిరుగుతుంది. బరువెత్తే రెండు మూడు సర్వోలు ఒకేసారి కదిలితే ఆ హద్దు దాటిపోతుంది. ఎంజీ996ఆర్ నిలిచిపోయినప్పుడు 6 వోల్టుల దగ్గర ఒక్కటే 2.5 ఆంపియర్లు లాగుతుంది. అలాంటివి నాలుగుంటే 10 ఆంపియర్లు. ఒకే బోరు మీద నాలుగు గేట్‌వాల్వులు ఒక్కసారిగా తిప్పితే చివరి లైనులో డ్రిప్పర్లు కారడం ఆగిపోయినట్టు, సర్వోలన్నీ ఒకేసారి కదిలిన క్షణంలో బోర్డుకు చేరే వోల్టేజి పడిపోతుంది. బోర్డు రీసెట్ అవుతుంది, ప్రోగ్రాము మళ్లీ మొదటికొస్తుంది.

దీనికి వాడుకలో ఉన్న మార్గాలను వరసగా చూద్దాం. బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచే సర్వోలకు ఇవ్వడం మొదటిది. ఒక చిన్న సర్వోను పరిచయం చేసే పాఠానికి సరిపోతుంది, అంతకు మించి వద్దు. బోర్డుకు 12 వోల్టుల అడాప్టరు పెట్టి ఈ పని చేస్తే ఇంకా చేటు. అర ఆంపియరు వాడుకున్నా మిగిలిన 7 వోల్టులు 3.5 వాట్ల వేడిగా మారి బోర్డు మీది చిన్న రెగ్యులేటరును కాలుస్తాయి. రెండోది 9 వోల్టుల చదరపు బ్యాటరీ. చాలా ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది కానీ దాని లోపలి నిరోధం ఎక్కువ, ఆంపియరు కరెంటు ఇవ్వలేదు. సర్వోలకు దాన్ని అసలు వాడకూడదు. మూడోది రీచార్జి అయ్యే నికెల్ సెల్లులు నాలుగు, మొత్తం 4.8 వోల్టులు. రెండు మూడు చిన్న సర్వోలకు భద్రమైన, సులువైన దారి ఇదే. నాలుగోది 18650 లిథియం సెల్లులు రెండింటిని సిరీస్‌లో కలిపి, బక్ కన్వర్టరుతో 5 లేక 6 వోల్టులకు దించడం. కదిలే రోబోకు ఇదే మేలైనది. కాకపోతే ఎల్ఎం2596 చిప్పున్న చవక కన్వర్టరు మీద 3 ఆంపియర్లని రాసి ఉన్నా హీట్ సింకు లేకుండా 2 ఆంపియర్లకు మించి నమ్మకూడదు. ఐదోది పాత కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్. దాని 5 వోల్టుల లైను ధారాళంగా కరెంటిస్తుంది కనుక బల్ల మీద పరీక్షలకు దానికి మించింది లేదు. అంత కరెంటు షార్టయితే తీగలు కాలతాయి కాబట్టి మధ్యలో ఫ్యూజు పెట్టి తీరాలి.

ఏ మార్గం ఎంచుకున్నా మారని సూత్రం ఒకటుంది. సర్వోల కరెంటు వేరు, బోర్డు కరెంటు వేరు, గ్రౌండ్ మాత్రం ఒక్కటే. సిగ్నల్ అంటే గ్రౌండ్‌తో పోల్చి చూసే వోల్టేజి. రెండు గ్రౌండ్లు కలపకపోతే సర్వోకు ఆ పల్సు అర్థం కాదు, పిచ్చిగా ఊగుతుంది. సర్వోల ప్లస్ మైనస్‌ల మధ్య 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెడితే కొన్ని మిల్లీసెకన్ల కుదుపును అది కాస్తుంది. కరెంటే చాలని బ్యాటరీకి అది బదులు కాదు. సర్వోలు ఎక్కువైతే పీసీఏ9685 బోర్డు వాడాలి. అది 16 సర్వోలకు తానే పల్సులు పంపుతుంది, సర్వోల కరెంటుకు వేరే టెర్మినల్ ఇస్తుంది. రాస్‌బెర్రీ పై వాడేవాళ్లకు ఇది మరీ అవసరం. లైనక్స్ నడిచే ఆ బోర్డులో సాఫ్ట్‌వేరుతో పంపే పల్సు నిడివి ప్రతిసారీ ఒకేలా ఉండదు, దాంతో సర్వో వణుకుతుంది.

తీగలు, అతుకులు

బ్రెడ్‌బోర్డు నేర్చుకోవడానికి మంచిదే కానీ ఆంపియరుకు మించిన కరెంటు దాని క్లిప్పుల గుండా పోనివ్వకూడదు. సన్నటి జంపర్ తీగలదీ అదే కథ. 28 గేజి రాగి తీగకు మీటరుకు దాదాపు 0.2 ఓమ్ నిరోధం. 30 సెంటీమీటర్లు పోయి, 30 సెంటీమీటర్లు తిరిగొచ్చే దారిలో 2 ఆంపియర్లు నడిస్తే తీగలోనే పావు వోల్టు ఖర్చవుతుంది. చవక జంపర్లలో రాగి పూసిన ఇనుము ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. సర్వోల ప్లస్ మైనస్‌లకు మందపు తీగ వేసి, సోల్డరు చేసి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ తొడగడమే సరైన పద్ధతి. కీళ్ల దగ్గర తీగ మెలిక పడేంత వదులుగానూ, చేయి తిరిగితే లాగేంత బిగుతుగానూ ఉండకూడదు. లోపలి రాగి తెగి పైకి బాగానే కనిపించే తీగను పట్టుకోవడం కష్టం. చేయి తిప్పుతూ మల్టీమీటరు కంటిన్యుటీ బీప్ వింటే దొరుకుతుంది.

వేడి సంగతి మన దగ్గర విడిగా చెప్పుకోవాలి. కర్నూలు, కడపల్లో మే నెల ఎండ 43 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. ఎస్‌జీ90, ఎంజీ996ఆర్ రెండూ 55 డిగ్రీల వరకే పనిచేస్తాయని తయారీదారుల హామీ. పనిచేసే సర్వో తన వేడిని తానే కలుపుకుంటుంది కనుక ఆ హద్దు మనకు దగ్గర్లోనే ఉంది. లిథియం సెల్లులను మామూలుగా 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జి చేయకూడదు, అంటే మిట్టమధ్యాహ్నం రేకుల కింద చార్జింగు పెట్టకూడదు. త్రీడీ ప్రింటరుతో తీసే పీఎల్ఏ ప్లాస్టిక్కు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో అద్దాలు మూసిన కారులో ఉంచిన రోబో చట్రం వంకర పోవడానికి అది చాలు. ఎండలో పనిచేయాల్సిన చట్రాన్ని పీఈటీజీతోనో అల్యూమినియంతోనో చేసుకోవాలి.

సెన్సరును మన నేల మీద చూడాలి

దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సరు 40 కిలోహెర్ట్‌జ్ శబ్దం పంపి ప్రతిధ్వని కోసం చూస్తుంది. 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల వరకు దీని పరిధి. దాదాపు అన్ని ప్రోగ్రాముల్లోనూ శబ్దవేగం సెకనుకు 343 మీటర్లని రాసి ఉంటుంది. అది 20 డిగ్రీల గాలికి చెల్లే లెక్క. 43 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు 357 మీటర్ల వేగంతో పోతుంది. 2 మీటర్ల దూరంలోని గోడను రోబో 8 సెంటీమీటర్లు దగ్గరగా చూస్తుంది. పక్కన ఒక ఉష్ణోగ్రత సెన్సరు పెట్టి, 331.3కు డిగ్రీకి 0.606 చొప్పున కలిపి శబ్దవేగం లెక్కిస్తే ఆ తప్పు పోతుంది. మరో జాగ్రత్త: దీని ఎకో పిన్ను 5 వోల్టులిస్తుంది. 3.3 వోల్టుల ఈఎస్‌పీ32కో, రాస్‌బెర్రీ పైకో నేరుగా కలిపితే వాటి పిన్ను పాడైపోవచ్చు. 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించి ఇవ్వాలి.

గీత వెంట నడిచే బండి మన ఇళ్లలో, బడుల్లో వింత సమస్య ఎదుర్కొంటుంది. పాఠాలన్నీ తెల్ల నేల మీద నల్ల టేపు అంటాయి. మన నేల కడప బండ. ఆ నల్ల సున్నపురాయి ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకుంటే సెన్సరుకు నేలంతా గీతలాగే కనిపిస్తుంది. తెల్ల టేపు అతికించి ప్రోగ్రాములో షరతు తిప్పి రాస్తే పని జరుగుతుంది. పాలిష్ చేసిన బండ అయితే కొన్ని కోణాల్లో కాంతిని అద్దంలా తిరగ్గొడుతుంది. అందుకని కంటికి కనిపించే రంగును నమ్మకుండా బండ మీద, టేపు మీద, అంచు మీద అంకెలు విడివిడిగా చదివి, మధ్య విలువను హద్దుగా పెట్టుకోవాలి. టీసీఆర్‌టీ5000 సెన్సరు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులోనే బాగా పనిచేస్తుంది. సూర్యకాంతిలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కనుక ఆరుబయట సెన్సరు గుడ్డిదవుతుంది. చుట్టూ నల్ల కాగితం కట్టడం సులువైన ఉపాయం. ఎల్ఈడీ ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి చదివి తేడా తీసుకోవడం అంతకంటే నమ్మకమైనది. లేజరుతో దూరం కొలిచే వీఎల్53ఎల్0ఎక్స్ గదిలో అల్ట్రాసోనిక్ కంటే సూటిగా చూస్తుంది కానీ ఎండలో దాని చూపు కూడా కుంచించుకుపోతుంది. ఆరుబయట తిరిగే రోబోకు అల్ట్రాసోనిక్ సెన్సరే ఇప్పటికీ చవకైన మంచి ఎంపిక.

డీహెచ్‌టీ11 గాలిలో తేమను 20 నుంచి 80 శాతం మధ్యే కొలుస్తుంది. మన వేసవి మధ్యాహ్నాల్లో తేమ ఆ కింది హద్దు దగ్గరకు జారుతుంది, అప్పుడది చెప్పే అంకెకు విలువ లేదు. కొంచెం ఖరీదైనా డీహెచ్‌టీ22 వాడటమే న్యాయం. అదే పొడిగాలి ఒంటి మీద స్థిర విద్యుత్తును కూడబెడుతుంది. బోర్డు ముట్టుకునే ముందు ఎర్తింగు ఉన్న లోహాన్ని తాకే అలవాటు ఇక్కడ మరీ అవసరం.

పొలంలో వాడే తేమ సెన్సర్లలో రెండు కొమ్ముల రెసిస్టివ్ రకం చవక. కానీ మట్టిలో నిరంతరం కరెంటు పారితే దాని లోహం తినేసుకుపోతుంది, ఉప్పు నీటి బోరు కింద అంకెలే మారిపోతాయి. కెపాసిటివ్ రకం ఎక్కువ కాలం మన్నుతుంది, కాకపోతే పైనున్న సర్క్యూటు భాగానికి నీరు తగలకుండా పూత పూయాలి. ఏది వాడినా ఆదోని నల్లరేగడికి ఒక లెక్క, కడప ఎర్రనేలకు మరో లెక్క కట్టాలి. నల్లరేగడి ఎండితే పగుళ్లిచ్చి సెన్సరును విడిచిపెడుతుంది, అప్పుడు సెన్సరు గాలిని కొలుస్తూ ఉంటుంది. ఆ చేని మట్టినే తెచ్చి, తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూస్తే అసలు తేమ తెలుస్తుంది. సెన్సరు అంకెను దానితో పోల్చి పట్టిక రాసుకున్నాకే డ్రిప్పు వాల్వును దానికి అప్పగించాలి.

ఏది ముందు, ఏది తర్వాత

పరీక్షకు ఒక వరస ఉంది. ముందు కరెంటు ఇవ్వకుండా ప్లస్ మైనస్‌ల మధ్య షార్టు ఉందేమో మల్టీమీటరుతో చూడాలి. తర్వాత కరెంటిచ్చి, సర్వోలు కలపకుండా వోల్టేజి చూడాలి. ఆపైన ఒక్క సర్వోనే, చేయి బిగించకుండా కలిపి 1500 మైక్రోసెకన్ల పల్సుతో మధ్యకు తేవాలి, చేయిని అప్పుడే బిగించాలి. ముందే బిగిస్తే మొదటి కదలికలోనే చట్రానికి కొట్టుకుని పళ్లు విరుగుతాయి. సెన్సర్లనూ ఒక్కొక్కటిగా సీరియల్ మానిటర్‌లో చూడాలి, టేపుతో కొలిచిన దూరం పక్కన అది చెప్పిన దూరం రాయాలి. ఐ-టూ-సీ సెన్సర్లయితే స్కానర్ ప్రోగ్రాముతో చిరునామా కనిపిస్తోందో లేదో ముందే తేల్చుకోవాలి. చివరగా సర్వోలూ సెన్సర్లూ కలిసి నడిచే పరీక్ష. సర్వో కదిలినప్పుడే సెన్సరు అంకె ఎగిరితే తప్పు కరెంటులోనో గ్రౌండ్‌లోనో ఉందని అర్థం. ప్రతిధ్వని రానప్పుడు పల్స్‌ఇన్ ఆదేశం మామూలుగా సెకను దాకా ప్రోగ్రామును ఆపేస్తుంది. దానికి 30 మిల్లీసెకన్ల గడువు పెడితే ఆ ఆలస్యం పోతుంది.

ఈ వరసలో ఒక చిక్కుంది. సాధారణ మల్టీమీటరు సెకనుకు రెండు మూడుసార్లే చదువుతుంది. కొన్ని మిల్లీసెకన్లు వోల్టేజి పడితే దానికి తెలియదు. ఆసిలోస్కోపు ఉంటే కనిపిస్తుంది కానీ అన్ని బడుల్లో అది ఉండదు. ఇక్కడ ఊనోలోని ఏటీమెగా328పీ చిప్పే ఆదుకుంటుంది. దాని లోపలి 1.1 వోల్టుల రిఫరెన్సుతో పోల్చి తన సరఫరా వోల్టేజిని తానే కొలుచుకోగలదు. చిప్పుకూ చిప్పుకూ ఆ 1.1లో తేడా ఉంటుంది కనుక ఒకసారి మల్టీమీటరుతో సరిచూసుకోవాలి. ఆ తర్వాత అన్ని సర్వోలనూ ఒకేసారి కదిలిస్తూ కనిష్ఠ వోల్టేజిని నమోదు చేయవచ్చు. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను ప్రతి ల్యాబూ చేయించాలి.

ల్యాబుల్లో మారాల్సింది

అటల్ టింకరింగ్ ల్యాబుకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది, అందులో సగం పరికరాలకు, మిగతాది ఐదేళ్ల నిర్వహణకు. ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెటు ప్రకటించింది. ఐఐటీ బొంబాయి ఇ-యంత్ర కార్యక్రమం ఇంజినీరింగు కాలేజీలకు రోబోటిక్స్ పాఠాలు, పోటీలు తెచ్చింది. ఇవన్నీ గొప్ప అవకాశాలే. వాటి ఫలం దక్కాలంటే కిట్‌లో ఏముండాలో మళ్లీ ఆలోచించాలి. సర్వోలకు వేరే కరెంటు సరఫరా, మందపు తీగ, ఫ్యూజు, ప్రతి జట్టుకూ ఒక మల్టీమీటరు, 8 చానెళ్ల చవక లాజిక్ ఎనలైజరు ఉండాలి. పది కొత్త సెన్సర్ల కంటే ఈ ఐదు వస్తువులు పిల్లలకు ఎక్కువ నేర్పుతాయి.

ఈ చదువు వృథా పోదు. గని, శకునాల గ్రామాల దగ్గరి 1000 మెగావాట్ల సౌరపార్కులో పలకల మీద దుమ్ము పేరుకుంటుంది. నీళ్లు అరుదైన చోట దాన్ని తుడిచే యంత్రానికి కావలసినవి ఈ మోటార్లు, ఈ సెన్సర్లు, ఎండకు ఓర్చే ఈ వైరింగే. ఓర్వకల్లు దగ్గర డ్రోన్ల పరిశ్రమకు రాష్ట్ర ప్రభుత్వం స్థలం ఎంచుకుంది. గాలిలో ఎగిరేదానికి నేల మీద నడిచేదానికంటే కఠినమైన పరీక్షలు కావాలి.

కనుక రెండు పనులు వెంటనే మొదలుకావాలి. సైన్సు ప్రదర్శనల్లో, కాలేజీ ప్రాజెక్టుల్లో సగం మార్కులు పరీక్షల నోటుపుస్తకానికి ఇవ్వాలి. ఆ రోజు ఉష్ణోగ్రత ఎంత, సర్వోలు కదిలినప్పుడు కనిష్ఠ వోల్టేజి ఎంత, టేపు దూరానికీ సెన్సరు దూరానికీ తేడా ఎంత, ఏ నేల మీద ఏ అంకె వచ్చిందన్నవి అందులో ఉండాలి. రెండోది, ఇడుపులపాయ, జగన్నాథగట్టు వంటి చోట్ల ఉన్న పెద్ద సంస్థలు ఈ నోటుపుస్తకాల్లోని అంకెలు సేకరించి, మన ఎండకూ బండకూ మట్టికీ సరిపడే పట్టికలను తెలుగులో అచ్చువేసి ప్రతి బడికీ పంపాలి. తయారీదారుల డేటాషీటు చల్లని గదిలో కొలిచిన విలువలు చెబుతుంది. కర్నూలు ఎండలో ఆ విలువలు ఎంత మారతాయో కొలిచి చెప్పగలిగేది ఇక్కడి పిల్లలే. ఆ పని వాళ్లకు అప్పగిస్తే వాళ్లు రోబో తయారుచేయడంతో ఆగరు, ఇంజినీర్లవుతారు.